రాయని పద్దు

జమ లేని ఖర్చు లేదు, ఖర్చు లేని జమ లేదు. బి.కాం. మొదటి సంవత్సరంలో జంట పద్దు విధానం చెబుతూ మాకు ముందుగా నేర్పింది ఇదే. ఒక పుస్తకంలో ఒక రూపాయి జమ పడిందంటే మరో పుస్తకంలో అదే రూపాయి ఖర్చు పడి తీరాలి. పడలేదంటే లెక్క తప్పైనా అయి ఉండాలి, ఎవరైనా దాచైనా ఉండాలి. ముప్పై ఏళ్లుగా బ్యాంకు బల్ల వెనక కూర్చున్నవాణ్ణి కనుక ఏ సంగతినైనా ముందు ఈ చూపుతోనే చూడటం అలవాటైపోయింది. తాగుడు గురించి నాలుగు మాటలు రాయబోతూ కూడా ఆ అలవాటు వదలలేదు. వేదాంతుల భాష నాకు రాదు. వచ్చింది పద్దుల భాషే.

నా ప్రశ్న ఇది. ఒక మనిషి తన కష్టార్జితంతో తాను తాగాడు. ఆ తాగుడు వల్ల ఒక నర్సు రాత్రంతా పోయింది, ఒక ఆంబులెన్సు నాలుగు గంటలు పోయింది, ఒక జవాను డ్యూటీ పోయింది. ఈ పోయినవన్నీ ఎవరి ఖాతాలో రాయాలి?

మా సిరొంచలో ఈ ప్రశ్నకు ఒక విశేషం ఉంది. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ఒకప్పుడు అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ఇప్పుడు జిల్లా కేంద్రానికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న తాలూకా ఊరు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలోకి పోతే గోండి, మాడియా. పక్కనే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆవల కాళేశ్వరం. ఏటి మీద గీత గీసినట్టు రెండు రాష్ట్రాలు, రెండు చట్టాలు. ఈవలి ఒడ్డున 1993 మార్చి నుంచి మద్యనిషేధం. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు, వారితో పాటు ఊరూరా ఆడవాళ్లు, ఆదివాసీ గ్రామసభలు, యువకులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన నిషేధం అది. నేను అప్పుడు చాందాలో చదువు ముగించుకుని ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తున్నాను. సర్కారు దుకాణం తలుపు మీద సీలు పడ్డ రోజున మా వీధి ముసలమ్మ ఒకావిడ వెళ్లి ఆ తాళాన్ని చేత్తో లాగి చూసి వచ్చిందని చెప్పుకునేవారు.

ఆవలి ఒడ్డున జరిగిందీ తక్కువది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ వెంట నడిచి సారా పాటలు ఆపారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా పోయింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. అంటే ఒక రెండేళ్లు గోదావరి రెండు గట్లూ, కాగితం మీదనైనా, పొడిగానే ఉన్నాయి. 1997లో ఆవల నిషేధం సడలిపోయింది. ఈవల మిగిలింది. పైనున్న చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్‌లో నిషేధం వచ్చి 2021లో పోయింది. ఇప్పుడు మా తాలూకా ఎటు చూసినా తడి నేలల మధ్య పొడి దీవి. ఒకప్పుడు ఆవలికి పోవాలంటే పడవ కోసం కాచుకోవాలి, వానాకాలం వస్తే అదీ లేదు. 2016 చివర కాళేశ్వరం వైపు వంతెన వచ్చింది. అది పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు, వరంగల్ ఆస్పత్రికి మాకు ప్రాణం పోసింది. కాదనను. సంచిలో సీసాలకూ అదే దారి.

ఇక పద్దు సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఆగస్టులో 2,620 మద్యం దుకాణాల లైసెన్సులకు లాటరీ తీసింది. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షల రుసుము, తిరిగి ఇవ్వరు. 1 లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. లాటరీ తగిలినవాడివీ తగలనివాడివీ కలిపి, ఒక్క సీసా అమ్మకముందే, ఖజానాకు 2,600 కోట్లకు పైగా జమ. చలాన్లు, డ్రాఫ్టులు చూసి చూసి ఈ కళ్లకు అంకెలంటే బెదురు పోయింది గాని, ఈ అంకె దగ్గర మాత్రం కాసేపు ఆగాను. ఇది జమ పక్క. వెనకటివాళ్లు దీన్ని ఆబ్కారీ అనేవారు. మాట పుట్టుకకు అర్థం నీటి పని అట. ఇంత సొమ్ము పండే నీటి పని మరొకటి లేదు.

దీనికి ఎదురుగా ఖర్చు పక్క ఏముంది? నేను ఏ బడ్జెట్టు పుస్తకంలోనూ 'తాగుడు వల్ల దవాఖానాలకు, పోలీసు ఠాణాలకు అయిన ఖర్చు' అని ఒక పద్దు చూడలేదు. పద్దు లేదు కనుక ఖర్చు లేదని అర్థం కాదు. ఆ ఖర్చు డబ్బు రూపంలో లేదు, మనుషుల రూపంలో ఉంది. మా సరిహద్దులో ఇంకో చిత్రం, జమ ఏటికి ఆవల పడుతుంది, ఖర్చు ఏటికి ఈవల. సిరొంచ తాలూకా తాగుబోతు కట్టిన పన్ను హైదరాబాదు ఖజానాకు పోతుంది. వాడి తల పగిలితే కుట్లు వేసేది మహారాష్ట్ర సర్కారు నర్సు. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కేసు ముదిరితే మనవాళ్లు గడ్చిరోలికి పోరు. దారి అలాంటిది. వరంగల్‌కో, మంచిర్యాలకో పోతారు. అప్పుడు ఆ ఖర్చు మళ్లీ ఆవలి ఒడ్డు భరిస్తుంది. రెండు ప్రభుత్వాలూ కూర్చుని తేల్చుకోవలసిన ఈ లెక్కను ఎవరూ తేల్చుకోరు. దాన్ని మోస్తున్నవాళ్లు ఏ ప్రభుత్వానికీ లెక్క అడిగే స్థాయిలో లేరు.

నాకు వదిన వరుసయ్యే ఒకావిడ ముప్పై ఏళ్లు ఈ అడవి ప్రాంతపు దవాఖానల్లో నర్సుగా చేసి రిటైరయింది. ఒకసారి నేను ఈ జమాఖర్చుల మాట ఎత్తితే నవ్వింది. "నువ్వు లెక్కలోనివి గదా, గిది రాసుకో. తాగొచ్చినోనికి కుట్లు వేసేటప్పుడు వానికి నొప్పి తెల్వది. పట్టుకున్నోళ్ల చేతులకే తెలుస్తది. ఒక్కణ్ణి పట్టాలంటే నలుగురు గావాలె. రాత్రిపూట మేము ఉండేది ఇద్దరం."

ఆమె చెబితే గాని నాకు తెలియని సంగతి ఒకటుంది. తాగి వచ్చినవాణ్ణి ఒక మూల పడుకోబెట్టి దిగిపోయేదాకా వదిలేయవచ్చు కదా అని మనబోటివాళ్లం అనుకుంటాం. సరిగ్గా అదే చేయకూడదు. తాగి నిద్రపోతున్నవాడు, తల లోపల నెత్తురు గడ్డకడుతున్నవాడు, ఒంట్లో చక్కెర పడిపోయినవాడు, ముగ్గురూ పైకి ఒకేలా ఉంటారు. ముగ్గురూ ఒకేలా గొణుగుతారు. ముగ్గురి దగ్గరా సారా వాసనే రావచ్చు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మాటిమాటికీ లేపి పేరు అడగాలి, కనుపాపల మీద లైటు వేసి చూడాలి. మామూలు రోగికంటే తాగిన రోగికి కాపలా ఎక్కువ. తెల్లారేసరికి లేస్తాడులే అనుకున్నవాడు తెల్లారేసరికి లేవని ఉదంతాలు ఏ పాత నర్సును అడిగినా ఒకటి రెండు చెబుతుంది. అదే గదిలో చలిజ్వరంతో ఫిట్స్ వస్తున్న పసివాడు ఉంటాడు, వాడి తల్లి అరవదు, బూతులు తిట్టదు, మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంటుంది. అరిచేవాడి దగ్గరికి ముందు పోతారు, అది మనిషి స్వభావం. వదిన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఈ తల్లి. ఆమె పేరు మీద ఏ రిజిస్టరులోనూ నష్టం అని రాసి ఉండదు.

తాగినవాడికి వైద్యం చేయాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు తేలికే. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడి వచ్చినవాడు అమాయకుడా నేరస్థుడా అన్నది చూడకుండా ముందు ప్రాణం నిలపాలని తేల్చి చెప్పింది. వాడి తప్పు వల్లే వాడికి గాయమైంది కనుక వాడు వెనక్కి పోవాలి అంటే, హెల్మెట్ లేకుండా బండి నడిపినవాణ్ణీ, బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాణ్ణీ, డాక్టరు వద్దన్నా తీపి మానని షావుకారునూ అదే వరుసలో నిలబెట్టాలి. అప్పుడు వరుసలో ముందు నిలబడటానికి ఎవడూ మిగలడు. కాబట్టి అవసరాన్ని బట్టే వంతు. ఇంతవరకు సందేహం లేదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. తాగుడు తప్పా, రోగమా? తప్పైతే కోపగించుకునే హక్కు నర్సుకు ఉంది. రోగమైతే లేదు. మన చట్టం ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడుతుంది. డిగ్రీలో మేము చదివిన 1872 నాటి ఒప్పందాల చట్టం 12వ సెక్షను కింద ఒక ఉదాహరణ ఉంటుంది. జ్వరంతో సంధి పుట్టినవాడు, ఒప్పందంలో ఏముందో తెలియనంతగా తాగినవాడు, ఈ ఇద్దరినీ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోబెట్టి, ఆ స్థితి ఉన్నంతసేపూ వీళ్లు ఒప్పందం చేయలేరంటుంది. జ్వరమూ తాగుడూ కవల పిల్లలన్నమాట. అదే కాలపు శిక్షాస్మృతికి పోతే, ఇప్పుడు దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న న్యాయసంహితలో 23, 24 సెక్షన్లకు పోతే, తనకు తానై తాగినవాడు తాగి ఉన్నాను అనే సాకుతో తప్పించుకోలేడు. బలవంతంగానో తెలియకుండానో తాగించి ఉంటే తప్ప. జ్వరం వచ్చినవాణ్ణి ఎందుకు తెచ్చుకున్నావని అడగం. తాగినవాణ్ణి అడుగుతాం. అంటే ఆస్తి పోగొట్టుకునేటప్పుడు తాగినవాడు రోగి, ఎదుటివాణ్ణి కొట్టేటప్పుడు నేరస్థుడు.

కాలేజీలో ఇది పరస్పర విరుద్ధమనిపించేది. ఇప్పుడు అనిపించదు. తనకు తాను చేసుకునే కీడు విషయంలో జాలి, పక్కవాడికి చేసే కీడు విషయంలో జవాబుదారీ, ఇది చట్టం వాడిన తూకం. దవాఖానలోనూ ఇదే తూకం పనికొస్తుందని నా అభిప్రాయం. కుట్లు వేసేటప్పుడు వాడు రోగి. నర్సు చెంప మీద కొట్టినప్పుడు రోగి కాడు. ఆస్పత్రి సిబ్బంది మీద దాడులను ఆపడానికి మహారాష్ట్ర 2010లో ప్రత్యేక చట్టమే చేసింది. తెలివొచ్చాక "నాకేం గుర్తులేదు సిస్టర్" అంటే సరిపోదు. అయితే ఫిర్యాదు రాయాలంటే ఠాణాకు పోవాలి, పంచనామా, సాక్షులు, తర్వాత కోర్టు వాయిదాలు. డ్యూటీ దిగిన మనిషి ఇంటికి పోయి ఇన్ని నీళ్లు పోసుకుని పడుకోవాలనుకుంటుందా, ఠాణాకు పోతుందా? వదిన ముప్పై ఏళ్లలో ఒక్క ఫిర్యాదూ రాయలేదు.

జాన్ స్టువర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకంలో ఈ విషయం తడిమాడు. తాగినంత మాత్రాన ఎవరినీ శిక్షించకూడదు, కాని డ్యూటీలో తాగిన సిపాయిని, పోలీసును శిక్షించాలి అన్నాడు. ఆయన మాటలో మొదటి సగం లండనులో నిజమై ఉండవచ్చు. మా అడవిలో నాకు నమ్మకం లేదు. తాగుడు తన సొంత విషయం కావాలంటే తాను పడిపోయినప్పుడు లేపడానికి వచ్చేవాళ్లు మరొకరి పని మానుకుని రాకూడదు. పది ఆంబులెన్సులున్న నగరంలో ఒకటి తాగుబోతు కోసం పోతే తొమ్మిది మిగులుతాయి. చుట్టూ యాభై ఊళ్లకు ఒకటే బండి ఉన్నచోట అది తాగినవాడి కోసం పోతే, సరిగ్గా అప్పుడే పాము కరిచిన రైతుకు ఏదీ మిగలదు. అదే సీసా, అదే మోతాదు. నగరంలో వ్యక్తిగత విషయం, అడవిలో పక్కవాడి ప్రాణం.

ఇక్కడ నాకే ఇబ్బందిగా ఉంది. ఈ వాదన ప్రకారం బొంబాయి క్లబ్బులో స్కాచి తాగే పెద్దమనిషికంటే మా దగ్గర ఇప్పసారా తాగే కూలీ పెద్ద దోషి అవుతాడు. వాడు ఎక్కువ తాగాడని కాదు, వాడి ఊళ్లో నర్సులు తక్కువున్నారని. ఇద్దరు నర్సులే ఉండటం వాడు చేసిన పనా? కాదు. ఆ పని చేసినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు తాగి ఉండరు, మంచి ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. కనుక పేదవాడి తాగుడు మీద మనం వేసే కోపంలో సగం నిజానికి ప్రభుత్వపు లేమి మీద వేయవలసినది. అందుబాటులో ఉన్నవాడి మీద వేస్తున్నాం. తిలాపాపం తలా పిడికెడు అన్నారు గాని, పంచేటప్పుడు పిడికిళ్లు సమానంగా ఉండవు.

మిల్ మరో మాట కూడా అన్నాడు. జనాన్ని మాన్పించడం కోసం మద్యం మీద పన్ను వేయకూడదు గాని, ఎలాగూ పన్నులు వేయాలి కనుక ఎక్కువ రాబడి వచ్చేంతవరకు మద్యం మీద వేయడం సబబే అన్నాడు. ఆ సలహాను మన ప్రభుత్వాలు ఆయన పేరు తెలియకుండానే శిరసావహించాయి. రాబడి ఎక్కడికి పోవాలో ఆయన చెప్పలేదు. రాజ్యాంగం 47వ అధికరణ చెప్పింది, ప్రజల ఆరోగ్యాన్ని పెంచడం రాజ్యపు విధి అని, మత్తు పానీయాల నిషేధానికి పాటుపడాలని. ఆ రెండూ ఒకే అధికరణలో ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరపగా 2019లో వెలువడిన సర్వేలో దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు, తాగుడు వల్ల కష్టాల్లో పడ్డవారు ఐదున్నర కోట్లకు పైన అని తేలింది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారట. మిగతా ముప్పై ఏడుగురికీ చికిత్స లేదు, కాని వాళ్లు దవాఖానకు రావడం మానలేదు. తల పగిలినప్పుడు, కాలు విరిగినప్పుడు, ఇంట్లోవాళ్లను కొట్టి తెచ్చినప్పుడు రాత్రి రెండింటికి వస్తూనే ఉన్నారు. రోగానికి తలుపు లేక గాయం తలుపున వస్తున్నారు.

ప్రభుత్వ సేవ అంటే దవాఖాన, పోలీసే కాదు. మా కౌంటరు కూడా అదే. మే నెలలో తునికాకు డబ్బులు, వరద వచ్చిన ఏడు నష్టపరిహారం, మేడిగడ్డ బ్యారేజీకి భూములిచ్చినవాళ్లకు భూమి డబ్బులు, అన్నీ మా దగ్గరికే వచ్చి పడతాయి. ఆ వారం రోజులూ కౌంటరు ముందు వచ్చే వాసన వేరు. ఆడవాళ్లు ముందే వచ్చి నిలబడతారు. "సారూ, మా ఇంటాయన వస్తడు, పైసలు ఇయ్యకుండ్రి. పోరి ఫీజు కట్టాలె." ఖాతా ఆయనది. ఆయన సంతకం ఆయనది. భార్య మాట మీద ఇవ్వనంటే రేపు నా మీద ఫిర్యాదు వస్తుంది, రావాలి కూడా. వద్దన్నవాళ్ల మాట మీద ఖాతాదారు సొమ్ము ఆపే బ్యాంకును ఎవరు నమ్ముతారు? కొందరు క్యాషియర్లు "లింకు లేదు, రేపు రా" అంటారు. దయతో చెప్పే అబద్ధమే, అయినా నాకు నచ్చదు. ఇవాళ తాగుబోతుకు చెప్పిన అబద్ధం రేపు తొందర పని ఉన్న అందరికీ అలవాటవుతుంది.

నేను ఆ పాత 12వ సెక్షనునే పట్టుకున్నాను. కాళ్లు నిలవనివాణ్ణి కూర్చోబెట్టి, ఎంత కావాలి, దేనికి, స్లిప్పు మీద ఎంత రాశావు, చదువు అని అడుగుతాను. చెప్పగలిగితే డబ్బు వాడిది, ఇస్తాను, భార్య కళ్లెదుటనే ఇస్తాను. చెప్పలేకపోతే రేపు పొద్దున రమ్మంటాను, ఎందుకో కూడా మొహం మీదే చెబుతాను. కొందరు తిట్టారు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి తలవంచుకుని తీసుకుపోయినవాళ్లు ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఊళ్లోనే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేస్తే డబ్బు చేతిలో పడుతుంది. యంత్రానికి వేలు తెలుసు, నోటి వాసన తెలియదు. దూరాభారం తగ్గింది, మంచిదే. కూర్చోబెట్టి అడిగే ఆ రెండు నిమిషాలు కూడా తగ్గిపోయాయి.

నిషేధం ఉన్న జిల్లాలో ఇంకో కష్టం ఉంది. 1949 నాటి బొంబాయి చట్టం, ఇప్పుడు మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం, దాని 66వ సెక్షను కింద తాగడం కూడా నేరమే. కనుక దవాఖానకు తెచ్చినవాళ్లు మొదట చెప్పే మాట "తాగలేదు డాక్టర్ సాబ్". కల్తీ సారా తాగినవాడి విషయంలో ఈ ఒక్క అబద్ధం ప్రాణం తీస్తుంది. మిథనాల్ తాగినవాడికి మొదటి గంటల్లోనే వైద్యం అందాలి. ఆలస్యమైతే ముందు చూపు పోతుంది, తర్వాత మనిషి. 2022లో నిషేధం ఉన్న గుజరాత్‌లో బోటాద్ దగ్గర నలభై మందికి పైగా, నిషేధం ఉన్న బీహార్‌లో సారణ్ జిల్లాలో డెబ్భై మందికి పైగా పోయారు. నిషేధం వల్లే ఇలా జరిగిందని తేల్చేద్దామంటే, నిషేధం లేని బొంబాయిలోనే 2015లో మాల్వణీలో నూరు మందికి పైగా, 2024లో తమిళనాడు కళ్లకురిచిలో అరవై మందికి పైగా చనిపోయారు. కల్తీకి చట్టంతో పట్టింపు లేదు, చవక ఉంటే చాలు.

నిషేధం ఎత్తివేయాలా అని మా ఆడవాళ్లను అడిగి చూడండి. సీసాలు వస్తున్నాయని వాళ్లకు తెలుసు, ఎవరింట్లో దొరుకుతాయో కూడా తెలుసు. అయినా ఎత్తవద్దంటారు. దొంగచాటు అయితే అడ్డం తిరిగి అడగడానికి తమకు నోరుంటుంది, లైసెన్సు గోడకు వేలాడితే ఆ నోరు పోతుంది, ఇది వాళ్ల వాదం. 2016లో మొదలైన ముక్తిపథ్ కార్యక్రమం కింద ఊళ్లలో సంఘాలు కట్టుకుని సారా పారబోసినవాళ్లు వీళ్లే. నేను వాళ్ల పక్షమే. చట్టం పూర్తిగా అమలు కాదు కనుక రద్దు చేయాలంటే రద్దు చేయవలసిన చట్టాలు ఇంకా చాలా ఉన్నాయి. కాని తాగినవాణ్ణి పట్టే పని దవాఖాన గుమ్మంలో జరగకూడదు. ఈ ఒక్క షరతు మీద పట్టుబడతాను.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక విధవరాలు ప్రమాద బీమా కాగితాలు పట్టుకుని మా బ్రాంచికి వచ్చింది. భర్త బండి మీద నుంచి పడి, మొదట ఈవలి దవాఖానకు, అక్కణ్ణుంచి ఆవలి పెద్దాస్పత్రికి పోతూ పోయాడు. ఈవలి డాక్టరు కేసు కాగితం మీద రాసిన వివరాల్లో ఒక ముక్క, మద్యం వాసన ఉంది అని. చాలా ప్రమాద పాలసీల్లో మత్తులో ఉండగా జరిగిన ప్రమాదానికి పరిహారం లేదన్న షరతు ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని కంపెనీవాళ్లు క్లెయిము తోసేశారు. ఆమె నన్ను అడిగింది ఒకటే. "ఆ డాక్టర్ సారు గది రాయకపోతే ఏం పోయేది సారూ? పోయినోడు పోనే పోయిండు."

డాక్టరు బదిలీ కాకముందు ఒకసారి బ్యాంకుకు వస్తే ఆ మాట ఆయన చెవిన వేశాను. ఆయన కోప్పడలేదు. "నేను ఆ మాట కంపెనీ కోసం రాయలేదు. పోలీసు కోసమూ రాయలేదు. అక్కడ మత్తుమందు ఇచ్చేవాడికి తెలియాలని రాశాను. రాయకపోతే వాడు ఇచ్చే మోతాదుతో మనిషి బల్ల మీదే పోవచ్చు" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు. వైద్యం కోసం రాసిన ముక్కను పోలీసు ఒక పద్దుకు, కంపెనీ ఒక పద్దుకు ఎత్తి రాసుకుంటున్నారు. బ్యాంకులో ఒక వోచరును మూడు ఖాతాల్లో వేస్తే ఆడిటరు మా ఉద్యోగాలు తీస్తాడు. దవాఖానలో వేస్తే అడిగేవాడు లేడు. ఫలితం? రేపు ఇంకో డాక్టరు జాలిపడి ఆ ముక్క రాయడు. మత్తుమందు ఇచ్చేవాడికి తెలియదు. దయ గల డాక్టరు ఉన్నచోట రోగి చావవచ్చు, నిజం రాసే డాక్టరు ఉన్నచోట భార్యాబిడ్డలు వీధిన పడవచ్చు. రాత్రి రెండింటికి రెండు చేతులా పని ఉన్న మనిషి మీద ఈ ధర్మసంకటం కూడా మనమే పెట్టాం. వైద్యుడి కాగితంలోని ఆ ముక్క వైద్యానికే పరిమితం కావాలి, బీమాకు కావాలంటే రక్తపరీక్ష వేరే జరగాలి. ఇది పెద్ద సంస్కరణేమీ కాదు, ఒక సర్క్యులరు చాలు.

వాసన ఉండటం వేరు, మత్తులో ఉండటం వేరు. మోటారు వాహనాల చట్టం కూడా నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరమంటుంది. వాసన ఒక్కటే ఆధారం కాదని వినియోగదారుల ఫోరాలు పలు కేసుల్లో చెప్పి ఉన్నాయి. రక్తం తీసి పరీక్షించిన కాగితం ఆమె కేసులో లేనే లేదు. ఆ సంగతులే రాసి ఆమె చేత ఒక అర్జీ పెట్టించాను, తర్వాత రెండోది, మూడోది. పద్నాలుగు నెలలకు డబ్బు వచ్చింది.

ఆ మొత్తం ఆమె ఫిక్సెడ్ డిపాజిట్టు చేసింది. నామినీ పేరు ఎవరిది రాయమంటావమ్మా అని అడిగితే, పెద్దకొడుకు పేరు సగం చెప్పి ఆగింది. తొమ్మిదో తరగతి చదివే కూతురి పేరు రాయించింది. మైనరు కనుక గార్డియన్ పేరు కావాలన్నాను. తన చెల్లెలి పేరు చెప్పి, బొటనవేలు సిరా తుడుచుకుంటూ, రసీదు ఇంటికి పంపవద్దనీ తానే వచ్చి తీసుకుంటాననీ చెప్పి వెళ్లింది.